డబ్బా మీద మామగారి పేరు, మెల్‌బోర్న్‌లో మరిది డొమైన్

పలాస-కాశీబుగ్గ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, యూనిట్ వివరాలు బయటపెట్టవద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాం. వారి మామగారు 1994లో జీడిపప్పు వ్యాపారం మొదలుపెట్టి, తమ ఇంటిపేరుకు ‘క్యాష్యూస్’ అని తగిలించి డబ్బాల మీద వేయించారు. 2021లో ఆయన పోయారు. వీలునామా రాయలేదు. పెద్దకొడుకు, అంటే ఈమె భర్త, యూనిట్ నడుపుతున్నారు. జీఎస్‌టీ, ఉద్యమ్, ఆహార లైసెన్సు అన్నీ ఇప్పుడు ఆయన పేరిట ఉన్నాయి. మరిది మెల్‌బోర్న్‌లో శాశ్వత నివాసి. ఆడపడుచును పర్లాకిమిడిలో ఇచ్చారు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటున్నారు.

వెబ్‌సైట్ పెడదామనుకున్నాక గొడవ మొదలైంది. శ్రీకాకుళంలోని ఒక డిజైనర్ డాట్ ఇన్ డొమైన్‌ను, అంటే వెబ్‌సైట్ చిరునామాను, తన అకౌంట్‌లోనే కొన్నాడు. డాట్ కామ్ హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో ఉంది. అతని ఇంటిపేరూ ఇదేనట. సైటు ఖాళీగా ఉన్నా రెండు లక్షలు అడిగాడు. ఇంతలో మరిది అక్కడ అదే పేరుతో బిజినెస్ నేమ్ రిజిస్టర్ చేయించి, డాట్ కామ్ డాట్ ఏయూ తీసుకుని, ‘ఇండియాది కూడా నా అకౌంట్‌కి మార్చెయ్యండి వదినా, రెండూ నేనే చూసుకుంటా’ అన్నారు. అన్నదమ్ములు రెండు నెలలుగా ఫోన్‌లో మాట్లాడుకోవడం లేదు. అత్తగారేమో ‘మీ మధ్య కాగితాలేంట్రా’ అంటున్నారు. ఈమె ప్రశ్నలు మూడు: జీఎస్‌టీలో పేరుంది కాబట్టి డాట్ కామ్ మాకు రావాలి కదా? మరిది చేసింది చెల్లుతుందా? ఇంతకీ ఏది ఎవరి పేరిట ఉండాలి?

అమ్మా,

మీ ఉత్తరంలో ‘మా పేరు రిజిస్టర్ అయింది’ అనే మాట నాలుగుసార్లు ఉంది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మీ దగ్గరున్న కాగితాల్లో ఏదీ పేరును రిజిస్టర్ చేసినది కాదు.

జీఎస్‌టీ సర్టిఫికెట్‌లో రెండు పేర్లుంటాయి, తీసి చూడండి. లీగల్ నేమ్ అనేది పాన్ కార్డు నుంచి వస్తుంది, అంటే మీవారి సొంత పేరు. దాని కింద ట్రేడ్ నేమ్ అని ఉన్నది మీరు రాసి ఇచ్చింది. ఆ పేరు ఇంకెవరికైనా ఉందా అని ఎవరూ వెతకరు. కాశీబుగ్గలోనే మరో నలుగురు అదే ట్రేడ్ నేమ్ రాసుకున్నా నంబర్లు వచ్చేస్తాయి, ఎందుకంటే ఆ శాఖకు కావలసింది పన్ను ఎవరు కడతారన్నది. ఉద్యమ్ కూడా అంతే. అది చిన్న పరిశ్రమ అని గుర్తించే నంబరు. ఆహార లైసెన్సు మీద 14 అంకెలు మీ యూనిట్‌ను గుర్తుపట్టడానికి. మనదేశంలో సొంత వ్యాపారానికి, అంటే ప్రొప్రైటరీకి, పేరును నమోదు చేసే రిజిస్టరంటూ వేరే లేదు. భాగస్వామ్య సంస్థ అయితే 1932 చట్టం కింద ఫర్మ్‌ల రిజిస్టర్‌లో ఎక్కుతుంది. కంపెనీ పెడితే 2013 చట్టం కింద అలాంటి పేరుతో వేరే కంపెనీ ఉందేమో చూసి మరీ ఇస్తారు. అంత చూసి ఇచ్చిన కంపెనీ పేరైనా ట్రేడ్‌మార్క్ ఉన్నవారు మూడేళ్లలోపు అడిగితే మార్చుకోవాల్సి వస్తుంది.

పేరు మీద హక్కు గురించి మాట్లాడేది ఒక్క ట్రేడ్‌మార్క్ చట్టం, 1999 నాటిది. దాని కింద దరఖాస్తు మీవాళ్లెవరూ ఇంతవరకూ పెట్టలేదు. అయితే భయపడకండి. రిజిస్టర్ చేయకపోయినా ఏళ్ల తరబడి వాడిన పేరుకు ఈ దేశంలో రక్షణ ఉంది. తర్వాత వచ్చినవాడు రిజిస్టర్ చేసుకున్నా, ముందు నుంచీ వాడుతున్నవాడిదే పైచేయి అని 2015లో సయ్యద్ మొహిదీన్ కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. 1994 నుంచి అని నోటితో అంటే సరిపోదు, రుజువు కావాలి. మామగారి పాత బిల్లు పుస్తకాలు, లారీ ఆఫీసు రసీదులు, పాత డబ్బా ఒకటి, దాన్ని ప్రింటు చేసిన ప్రెస్సు బిల్లు, బ్యాంకు ఖాతా మొదటి పేజీ. అటక మీద ఉన్నవి ఈ వారమే దించి ఫొటోలు తీసి పెట్టండి. చెదలు పట్టాక ఏ లాయరూ ఏమీ చేయలేడు.

ఇక డొమైన్. డాట్ ఇన్‌కూ వ్యాపారం పేరుకూ మనదేశంలో ముడి లేదు. 2005 నుంచి డాట్ ఇన్, డాట్ కో డాట్ ఇన్ రెండూ అందరికీ తెరిచే ఉన్నాయి. ముందు అడిగినవాడికి ఇస్తారు. జీఎస్‌టీ చూపించు, ట్రేడ్‌మార్క్ చూపించు అని షరతు లేదు. మనిషిని గుర్తించే పత్రాలు అడగవచ్చుగానీ, పేరుకూ నీకూ ఏం సంబంధం అని అడగరు. అలా అడిగే చోట్లు కొన్ని ఉన్నాయి. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వాలకే, డాట్ ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకే, డాట్ బ్యాంక్ డాట్ ఇన్ బ్యాంకులకే. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 కల్లా అందులోకి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కూడా, మోసపు సైట్ల బెడద తగ్గాలని. జీడిపప్పుకు అలాంటి కంచె లేదు. డాట్ కామ్ ప్రపంచమంతటికీ తెరిచిన సంత. అందుకే మీ మొదటి ప్రశ్నకు జవాబు: రావాలి అని ఎక్కడా లేదు.

హైదరాబాద్ ఆయన మీద ఫిర్యాదు పెట్టవచ్చా అంటే పెట్టవచ్చు. డాట్ కామ్ తగాదాలకు 1999 నుంచి ఒక అంతర్జాతీయ విధానం ఉంది. మూడు విషయాలు మీరే రుజువు చేయాలి: ఆ పేరు మీ మార్కును పోలి ఉందని, అతనికి ఆ పేరు మీద న్యాయమైన ఆసక్తి లేదని, దురుద్దేశంతో తీసుకుని అలాగే వాడుతున్నాడని. రెండోదాని దగ్గర మీరు ఆగిపోతారు. అతని ఇంటిపేరూ అదేనని మీరే రాశారు. మన వైపు ఒకే ఇంటిపేరు ఎన్ని ఊళ్లలో ఉంటుందో మీకు వేరే చెప్పాలా? తన పేరును తాను నిజాయితీగా వాడుకోవడాన్ని ట్రేడ్‌మార్క్ చట్టంలోని 35వ సెక్షన్ కూడా ఆపదు. అయితే అతను జీడిపప్పు వ్యాపారి కాదు కదా, ‘క్యాష్యూస్’ అన్న మాటతో సహా ఎందుకు తీసుకున్నాడు అన్నది మీవైపు వాదన. రెండు లక్షలు అడిగిన మెసేజ్ చెరిపెయ్యకండి. ఖర్చుకు మించి ధర చెప్పడం దురుద్దేశానికి గుర్తుగా చూస్తారు. ఇలాంటి తగాదాలు చూసే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపోలో ఒక్క మధ్యవర్తితో వేసే కేసుకే ఫీజు 1,500 డాలర్లు, లాయరు ఖర్చు వేరు. గెలిస్తే డొమైన్ వస్తుంది, ఒక్క రూపాయి పరిహారం రాదు. నా మాటైతే ఆ డబ్బు అతనికీ ఇవ్వకండి, కేసుకూ పెట్టకండి. అతను రెన్యూ చేయడం మానేస్తే గడువు తర్వాత 45 రోజుల దాకా గ్రేస్ అనే వెసులుబాటు, ఆపై 30 రోజులు రిడెంప్షన్ అనే విడిపించుకునే గడువు, 5 రోజుల తుది గడువు గడిచాక పేరు మళ్లీ సంతలోకి వస్తుంది. గడువు తేదీ ఎవరైనా చూడగలరు. క్యాలెండర్‌లో రాసుకుని ఊరుకోండి.

ఈ గొడవలో అందరూ మర్చిపోయిన మనిషి ఆ డిజైనర్. మీ సైటు నడుస్తున్న డాట్ ఇన్ ఈ రోజు మీది కాదు, మీవారిది కాదు, మీ మరిదిది అంతకన్నా కాదు. రిజిస్ట్రెంట్ అనే గడిలో ఎవరి పేరుంటే వారిది. పిల్లాడు మంచివాడే కావచ్చు, చాలామంది డిజైనర్లు పని తొందరలో అలాగే చేస్తారు. కానీ అతను ఫోన్ నంబరు మార్చినా, ఆ ఈమెయిల్‌కు వచ్చిన రెన్యువల్ హెచ్చరిక చూడకపోయినా సైటూ, దానిమీద ఉన్న మెయిళ్లూ ఒకేసారి పోతాయి. అందుకని అన్నిటికంటే ముందు ఇది. అతను డొమైన్ కొన్న సంస్థను రిజిస్ట్రార్ అంటారు, అదే రిజిస్ట్రార్ దగ్గర మీరొక అకౌంట్ తెరవండి, ఇంట్లో అందరికీ తెలిసిన ఈమెయిల్‌తో. ‘డొమైన్‌ను ఈ అకౌంట్‌కి పుష్ చెయ్యి, రిజిస్ట్రెంట్ పేరు మార్చు’ అని రాతపూర్వకంగా అడగండి. ఒకే రిజిస్ట్రార్ లోపల మార్చడం నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లాలంటే లాక్ తీయించి, బదిలీకి కావలసిన ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం తీసుకోవాలి. అకౌంట్ మారి రిజిస్ట్రెంట్ పేరు అలాగే ఉండిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. రెండూ మారాయని స్క్రీన్ మీద చూశాకే అతని బాకీ తీర్చండి. హోస్టింగ్, అంటే సైటు ఫైళ్లు ఉంచే చోటు, డొమైన్ వేర్వేరు బిల్లులని గుర్తుంచుకోండి. హోస్టింగ్ అతని దగ్గరే ఉన్నా నష్టం లేదు.

ఇప్పుడు ఆస్ట్రేలియా. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ సొంత పేరుతో కాకుండా వేరే పేరుతో వ్యాపారం చేయాలంటే బిజినెస్ నేమ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2012 మే నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్టర్, అసిక్ అనే సంస్థ చూస్తుంది. దానికి ముందు ఏబీఎన్ అనే 11 అంకెల వ్యాపార నంబరు ఉండాలి. డాట్ కామ్ డాట్ ఏయూ కావాలంటే మొదట ఆస్ట్రేలియాలో ఉనికి చూపించాలి, ఆ తర్వాత అడిగిన పేరుకూ మీకూ సంబంధం చూపించాలి. మీ కంపెనీ పేరో, బిజినెస్ నేమో, ట్రేడ్‌మార్కో, లేదా దాని పొడి అక్షరాలో, మీరు అమ్మే సరుకు పేరో అయి ఉండాలి. 2022లో వచ్చిన పొట్టి డాట్ ఏయూకు మాత్రం ఉనికి ఉంటే చాలు, పేరుతో సంబంధం అడగరు. మీ మరిది శాశ్వత నివాసి, ఏబీఎన్ ఉంది, బిజినెస్ నేమ్ ఉంది. ఆయన చేసింది అక్కడి నియమాల ప్రకారం పూర్తిగా చెల్లుతుంది.

చెల్లుతుందంటే పేరు ఆయన సొంతమైపోయిందని కాదు. బిజినెస్ నేమ్ అక్కడ కూడా యాజమాన్యం ఇవ్వదు, అది ‘ఈ పేరు వెనక ఉన్న మనిషి ఫలానా’ అని జనానికి చెప్పే బోర్డు. డొమైన్ ఒకటి నుంచి ఐదేళ్ల లైసెన్సు. అర్హత తీసుకున్న రోజే కాదు, ఉన్నన్నాళ్లూ ఉండాలి. ఆయన ఉద్యోగం చూసుకుంటూ వ్యాపారం ఆపేసి ఏబీఎన్ రద్దయిందనుకోండి, బిజినెస్ నేమ్ కూలుతుంది, దాని మీద నిలబడ్డ డొమైన్‌కు పునాది పోతుంది. మీవారు అనుకుంటున్నట్టు ‘డొమైన్ వాడి పేరిట ఉంచి మనం నడుపుకుందాం’ అన్నది కూడా కుదరదు. ఆ లైసెన్సును బయటివాళ్లకు అద్దెకిచ్చినట్టు వాడుకోనివ్వడానికి అక్కడి నియమాలు ఒప్పుకోవు. మీవారి పేరిట మార్చాలన్నా కాశీబుగ్గ చిరునామాతో అర్హత రాదు.

ఒక్క దారి ఉంది. విదేశీయుడైనా ఆస్ట్రేలియాలో ట్రేడ్‌మార్క్ ఉంటే ఉనికి ఉన్నట్టే లెక్క. కానీ అప్పుడు డొమైన్ ఆ మార్కులోని మాటలతో అచ్చంగా సరిపోవాలి, అన్ని మాటలూ, అదే వరుసలో. ఇక్కడే మీ ఇంట్లో ఇంకెవరూ పట్టించుకోని విషయం ఒకటి బయటపడుతుంది. మీరు పంపిన ఫొటోల్లో ఇంటిపేరు మూడు రకాలుగా ఉంది. జీఎస్‌టీలో దీర్ఘానికి ఇంగ్లిష్ ‘ఏ’ ఒకటే, డబ్బా మీద రెండు, ఆహార లైసెన్సులో చివర ‘క్యాష్యూ’ ఏకవచనం. తెలుగులో చదివితే మూడూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం మూడు వేర్వేరు పేర్లు. ఒక స్పెల్లింగ్‌తో మార్కు వేసి మరో స్పెల్లింగ్‌తో డొమైన్ అడిగితే అచ్చంగా సరిపోలేదని తిప్పి పంపుతారు.

చట్టం సంగతి ఇది. ఇంటి సంగతికి వస్తే, మీకు రుచించని మాట ఒకటి చెప్పాలి. మీ ఉత్తరమంతా మరిది ఏదో లాక్కున్నట్టు ఉంది. మామగారు వీలునామా లేకుండా పోయారు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఆయన వ్యాపారానికి ఉన్న మంచిపేరు కూడా ఆస్తే. అది అత్తగారికి, మీవారికి, మరిదికి, ఆడపడుచుకు తలా పావు వంతు. 2021 తర్వాత మీవారు కొత్త జీఎస్‌టీ తీసుకున్నారంటే కారణం తండ్రి పాన్ మీదున్న నంబరు కొడుక్కి బదిలీ కాదు కాబట్టి. ఆ కొత్త నంబరుతో పాత పేరు మొత్తం ఆయన ఒక్కరిదే అయిపోలేదు. ‘మా నాన్న పేరు మీద వాడికి వ్యాపారమేంటి’ అని మీవారు అన్నారని రాశారు. ఆయనకూ నాన్నే కదా. అలాగని రెండు డొమైన్లూ మరిది అకౌంట్‌లో ఉండాలన్నది కూడా సరికాదు. ఆయనకు ఉన్నది పావు వంతు, తాళం చెవి మొత్తం కాదు. యూనిట్ అప్పు తీరుస్తున్నది, పిక్కలు కొంటున్నది, పనివాళ్లకు కూలి ఇస్తున్నది మీవారే. ఈ రెండూ ఒకేసారి నిజం.

కాబట్టి డొమైన్ ఎవరి పేరిట అన్నది చివరి ప్రశ్న. పేరు ఎవరిది అన్నది మొదటిది. దానికి మూడు తోవలు కనిపిస్తున్నాయి.

మొదటిది, మిగతా ముగ్గురూ తమ వాటాను మీవారికి విడిచిపెడుతూ విడుదల పత్రం రాయడం. ఊరికే విడిచిపెట్టమనకండి, ఏదో ఒక ప్రతిఫలం పెట్టండి. అందులో స్థిరాస్తి కలిపితే రిజిస్ట్రేషన్ తప్పదు, పేరు వరకే అయితే స్టాంపు కాగితం సరిపోతుంది. దస్తావేజు లేఖరి చేత కాకుండా లాయరు చేత రాయించండి. మరిది అక్కడే భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపవచ్చు. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ తర్వాత మీవారు ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేస్తారు. వేయించిన, ప్యాక్ చేసిన పప్పుకు 29వ తరగతి, ముడి పిక్కలకు 31. ఆన్‌లైన్‌లో తరగతికి రాయితీ ఫీజు 4,500 రూపాయలు. వ్యక్తి పేరిట కాబట్టి ఆ రాయితీకి ఉద్యమ్ కూడా అక్కర్లేదు. ‘1994 నుంచి వాడుక, తండ్రి ద్వారా సంక్రమించింది’ అని అఫిడవిట్ జతచేయాలి. విడుదల పత్రం లేకపోతే ఈ అఫిడవిట్‌కు ఆధారమే లేదు. పేరులో ‘పలాస’ అన్న మాటను మార్కుగా అడగకండి, ఊరి పేరూ సరుకు పేరూ ఒకరి సొత్తు కావని పరీక్షకులు వెనక్కి కొడతారు. అభ్యంతరం వస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. మరిదికి ఆస్ట్రేలియా వరకు లైసెన్సు ఒప్పందం: ఏ గ్రేడు పప్పు అమ్మాలి, డబ్బా ఎలా ఉండాలి, ఒప్పందం ముగిస్తే బిజినెస్ నేమ్, డొమైన్ ఏం కావాలి. డొమైన్ మీవారి చేతికి రావాలంటే మాత్రం పైన చెప్పిన ఆస్ట్రేలియా మార్కు ముందే ఉండాలి. ఇక్కడి దరఖాస్తును ఆధారం చేసుకుని విదేశాల్లో మార్కు అడిగే మాడ్రిడ్ పద్ధతిలో అడగవచ్చు. మూల ఫీజే 653 స్విస్ ఫ్రాంకులు, ఆస్ట్రేలియా వాళ్ల ఫీజు అదనం. మొదటి ఐదేళ్లలో ఇక్కడి మార్కు కొట్టేస్తే అక్కడిదీ పడిపోతుంది. ఏడాదికి పది పెట్టెలు పంపే వ్యాపారానికి ఇంత అవసరమా అన్నది మీరే లెక్క వేసుకోండి.

రెండోది, అన్నదమ్ములు భాగస్వామ్య సంస్థో, ఎల్‌ఎల్‌పీనో (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం) పెట్టి మార్కునూ డాట్ ఇన్‌నూ దాని పేరిట ఉంచడం. అత్తగారి మనసుకు ఇదే దగ్గర. దీని బరువు వేరే చోట పడుతుంది. కొత్త పాన్, కొత్త జీఎస్‌టీ, కొత్త ఆహార లైసెన్సు, బ్యాంకు లోను మళ్లీ రాయించుకోవడం. విదేశంలో ఉన్న భాగస్వామి పెట్టే డబ్బు సాధారణంగా తిరిగి బయటికి పంపుకోలేని పద్దతిలోనే ఉంటుంది. అన్నిటికీ మించి, రెండు నెలలుగా మాటల్లేని ఇద్దరు ప్రతి సంతకానికీ ఒకరి మీద ఒకరు ఆధారపడాలి.

మూడోది, మరిది అక్కడ తన సొంత పేరేదో పెట్టుకుని మీ దగ్గర సరుకు కొనడం. కాగితం పని దాదాపు ఉండదు. అక్కడి మన తెలుగువాళ్లలో మామగారి పేరు చూసి కొనేవాళ్లు ఉంటే ఆ లాభం పోతుంది. పైగా ఆయన ‘నాన్న పేరు నాకు కాకుండా చేశారు’ అనుకుంటారు. ఆయన పావు వంతు సంగతి తేలకుండా అలాగే ఉంటుంది.

నన్ను అడిగితే మొదటి తోవ, ఆస్ట్రేలియా మార్కు తప్ప. అమ్మకాలు పెరిగితే అది తర్వాత వేసుకోవచ్చు. కానీ ఆడపడుచుకు చెప్పకుండా ముగ్గురే మాట్లాడుకోకండి. పర్లాకిమిడి నుంచి ఒక పూట వచ్చి వెళ్లగల దూరమే. అత్తగారి మాట విని కాగితం మానేస్తే, ఈ తరంలో గడిచిపోతుందేమోగానీ మీ పిల్లలూ వాళ్ల పిల్లలూ ఇదే ఉత్తరం రాస్తారు. ‘కాగితం అన్నదమ్ముల మధ్య కాదు అత్తయ్యా, మామయ్య పేరుకి’ అని చెప్పి చూడండి. మరిదితో మొదటి ఫోను మీవారు చేయనంటే మీరే చేయండి, ఎలాగూ ఆయన అడిగింది మిమ్మల్నే. ‘డాట్ ఇన్ ముందు డిజైనర్ దగ్గర నుంచి ఇంటికి తెస్తున్నాం, లాగిన్ నీకూ ఇస్తాం’ అంటే ఆయన అసలు భయం, సైటు ఎప్పుడో ఆగిపోతుందన్నది, అక్కడే సగం తీరుతుంది.

ఇంకొక్కటి. దసరాకి కొత్త డబ్బాలు ప్రింటుకు ఇస్తున్నామని రాశారు, మూలన గుండ్రంలో ‘ఆర్’ గుర్తుతో. రిజిస్టర్ కాని మార్కుకు ఆ గుర్తు వేయడం నేరం. దరఖాస్తు పెట్టినా ‘టీఎం’ అనే వేయాలి. ప్రెస్సుకు ఫోన్ చేసి ఆర్డరు ఆపించండి. ‘ఏ’ ఒకటో రెండో మీరంతా కూర్చుని తేల్చుకున్నాక, అదే స్పెల్లింగ్‌తో జీఎస్‌టీలో, ఆహార లైసెన్సులో సవరణ పెట్టి, అప్పుడు వేయించండి.